పాత పేపర్లతో స్పానిష్ పరీక్షకు ఎలా తయారవ్వాలి: తిరుపతి నుంచి ఒక ట్యూషన్ సార్ మాట

బాలాజీ కాలనీలో నేనెప్పుడూ వెళ్ళే జిరాక్స్ షాపులో పోయిన ఏడాది ఒక కట్ట ప్రింట్లు తీయిస్తుంటే షాపతను రెండు పేజీలు తిరగేసి, "ఏంది సార్ ఈ ఇంగ్లీషు, ఒక్క ముక్కా అర్థం కాలేదే" అన్నాడు. ఇంగ్లీషు కాదబ్బా, స్పానిష్ అన్నాను. "దీనికీ బిట్ పేపర్లు ఉండాయా?" అని నవ్వాడు. బిట్ పేపర్లు లేవు గానీ పాత పేపర్లు ఉన్నాయి, వాటిని మన టెన్త్ బిట్ పేపర్ల లాగా వాడితే మాత్రం మార్కులు రావు. ఆరేళ్ళుగా ఇంట్లో స్పానిష్ ట్యూషన్ చెబుతూ నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

మన దగ్గర చాలామంది పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో హాస్టల్లో ఉండి చదువుతూ, పరీక్షల ముందు సెలవులకి తిరుపతికో చిత్తూరుకో వస్తారు. వస్తూనే పెన్‌డ్రైవ్ నిండా పేపర్లు తెస్తారు. రోజుకి రెండు చొప్పున కొట్టేస్తారు, ఆఖర్న మార్కులు వేసుకుంటారు, పక్కన పడేస్తారు. ఇరవై పేపర్లు అయ్యాయి సార్ అంటారు. ఏం నేర్చుకున్నావు అంటే చెప్పలేరు. లెక్కల్లోనో సైన్సులోనో అడిగిన ప్రశ్న మళ్ళీ రావచ్చు. భాష పరీక్షలో ప్రశ్న తిరిగి రాదు, ప్రశ్న అడిగే తీరు తిరిగి వస్తుంది. ఆ తీరు పట్టుకోవడానికి ఇరవై పేపర్లు అక్కర్లేదు, ఆరు చాలు, కానీ ఆ ఆరింటినీ పిండాలి.

నేను చెప్పేదంతా కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (మన టెన్త్ స్థాయి అంతర్జాతీయ పరీక్ష) స్పానిష్, అంటే 0530 కోడ్ ఉన్న సబ్జెక్టు గురించి. సీబీఎస్‌ఈ వాళ్ళకి బోర్డు రాత పరీక్ష 80 మార్కులు, మిగతా 20 స్కూలు చేతిలో ఉంటాయి కాబట్టి పేపరు రూపు వేరు. కానీ వాళ్ళ అకడమిక్ వెబ్‌సైట్‌లో శాంపిల్ పేపరుతో పాటు మార్కింగ్ స్కీమ్ (ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పే పత్రం) కూడా పెడతారు, దాంతో కింద చెప్పిన దిద్దుబాటు పద్ధతి అలాగే చేసుకోవచ్చు.

ముందుగా సరైన పేపర్లు తెచ్చుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది, నేనే దీంట్లో బోల్తా పడ్డాను. మొదటి ఏడాది ఒకమ్మాయికి ఎక్కడో దొరికిన పాత కట్ట ఇచ్చి నెల రోజులు చేయించాను, అవన్నీ 2020కి ముందువి. 2021 పరీక్షల నుంచి పేపర్ల రూపు మారింది, లిజనింగ్ అంతా సరైన జవాబు ఎంచుకునే రకం అయిపోయింది. ఆ పిల్ల మాత్రం విన్నది స్పానిష్‌లో రాసే సాధన చేస్తూ కూర్చుంది. వాళ్ళమ్మకి సంగతి చెప్పేటప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాబట్టి 2021 నుంచి వచ్చినవే తీసుకోండి, మీ ఏడాది సిలబస్ కూడా ఒకసారి తెరిచి పోల్చుకోండి. పాతవి పారేయక్కర్లేదు, చదవడానికి పనికొస్తాయి.

ఫైలు పేరు చదవడం నేర్చుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. పేరులో ఎస్ ఉంటే జూన్ సెషన్, డబ్ల్యూ ఉంటే నవంబర్. క్యూపీ అంటే ప్రశ్నపత్రం, ఎంఎస్ అంటే మార్కింగ్ స్కీమ్, ఈఆర్ అంటే ఎగ్జామినర్ రిపోర్టు, పిల్లలు ఎక్కడ తప్పారో దిద్దినవాళ్ళు రాసేది. చివర ఉండే రెండు అంకెల్లో మొదటిది పేపరు నంబరు (1 లిజనింగ్, 2 రీడింగ్, 3 స్పీకింగ్, 4 రైటింగ్), రెండోది వేరియంట్. అంటే ఒకే సెషన్‌లో 11, 12, 13 అని మూడు వేర్వేరు లిజనింగ్ పేపర్లు దొరకొచ్చు. కేంబ్రిడ్జ్ సైట్‌లో అందరికీ కనిపించేవి కొన్నే, మిగతావి స్కూలు లాగిన్‌తో వస్తాయి, మీ మిస్‌ని అడగండి. లిజనింగ్‌కి ఆడియోతో పాటు అందులో మాట్లాడినదంతా రాసి ఉన్న ట్రాన్‌స్క్రిప్టు కూడా తీసుకోండి. అది లేకుండా లిజనింగ్ పేపరు సగం పేపరే.

నాలుగు పేపర్లకీ బరువు సమానం, ఒక్కోటి 25 శాతం. లిజనింగ్ సుమారు 50 నిమిషాలు 40 మార్కులు, రీడింగ్ గంట 45 మార్కులు, స్పీకింగ్ పది నిమిషాలు 40 మార్కులు, రైటింగ్ గంట 45 మార్కులు. ఈ లెక్క గోడ మీద అంటించుకోండి, ఎందుకంటే పిల్లలు తమకి వచ్చిన రీడింగే మళ్ళీ మళ్ళీ చేస్తారు, పది నిమిషాల స్పీకింగ్‌కి కూడా అంతే బరువుందని మరిచిపోతారు.

ఇక మొదటి పేపరు. గడియారం పెట్టుకోకుండా చేయండి. తెలిసింది నీలం పెన్నుతో, అనుమానంగా రాసింది పెన్సిల్‌తో. అనుమానంగా రాసి సరైపోయినవి కూడా తప్పుల కిందే లెక్క, అది అదృష్టం అంతే. తర్వాత ఎంఎస్ తెరిచి మీరే దిద్దుకోండి. దిద్దడం అంటే టిక్కు, ఇంటూ కొట్టడం కాదు. ఒక్కో తప్పు పక్కన ఎందుకు తప్పిందో ఒక ముక్క రాయాలి: మాట తెలియదా, మాట తెలిసీ కాలం తప్పానా, ప్రశ్నే సరిగా చదవలేదా, తొందరా. ఒక లాంగ్ నోట్‌బుక్ దీనికే పెట్టండి. రెండు పేపర్లు అయ్యేసరికి మీ తప్పులు ఎన్నో రకాలు కావని, మూడో నాలుగో రకాలే తిప్పి తిప్పి చేస్తున్నారని తెలుస్తుంది. పేపరు చేయడానికి గంట పడితే దిద్దడానికి గంటన్నర పట్టాలి. పట్టలేదంటే మీరు దిద్దలేదు.

పది రోజులాగి అదే పేపరు మళ్ళీ చేయండి, ఈసారి గడియారంతో. జవాబులు గుర్తుంటాయి కదా సార్ అంటారు. ఉండనీ. ఆ జవాబు ఎందుకు సరైందో పేపర్లో వేలు పెట్టి చూపించగలరా అన్నది పరీక్ష.

మన పిల్లల నోట్‌బుక్కుల్లో ఎక్కువగా కనిపించే తప్పు లింగం. తెలుగులో బల్ల, పుస్తకం, బస్సు అన్నీ "అది"యే. స్పానిష్‌లో బల్ల, అంటే మేసా, ఆడది. పుస్తకం, అంటే లీబ్రో, మగది. మాట చివర ఉన్న "ఆ", "ఓ" చూస్తే చాలావరకు తెలిసిపోతుంది గానీ ప్రొబ్లేమా (సమస్య), తేమా (అంశం), క్లీమా (వాతావరణం) లాంటివి "ఆ"తో ముగిసినా మగవే, మానో (చెయ్యి) ఓ తో ముగిసినా ఆడదే. అందుకే మాట ఒక్కటే బట్టీ పట్టకండి, మగవాటి ముందు వచ్చే ఎల్, ఆడవాటి ముందు వచ్చే లా తో కలిపి పట్టండి.

ఒక మాట చెబుతాను, ఇది ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునే పిల్లలెవరికీ తట్టదు. మీకు తెలుగు వచ్చు కాబట్టి స్పానిష్‌లో కష్టమని పేరున్న కొన్ని చోట్లు మీకు ఇంటి దారులు. "నాకు దోసె ఇష్టం" అంటాం కదా, మే గుస్తా లా దోసా, అచ్చం అంతే, నాకు అనేది ముందు. నాకు తల నొప్పి, మే దుఎలె లా కబేసా. ఇంగ్లీషులో ఆలోచిస్తేనే తలకిందులైనట్టు ఉంటుంది. "వెళ్ళాను" అంటే నేను అని వేరే చెప్పక్కర్లేదు, ఫుయి అన్నా అంతే. ఇంకోటి, గతంలో రెండు కాలాలు ఎందుకని ఏడుస్తారు: నిన్న తిరుమలకి వెళ్ళాను అంటే ఫుయి, చిన్నప్పుడు ప్రతి శనివారం వెళ్ళేవాణ్ణి అంటే ఈబా. ఆ "వెళ్ళేవాణ్ణి" మీ నోట్లో ఎప్పటి నుంచో ఉంది. టైము కూడా చూడండి, పావుతక్కువ ఏడు అంటాం, వాళ్ళు లాస్ సియేతె మేనోస్ కువార్తో, ఏడు లోంచి పావు తీసేయ్ అంటారు. తూ, ఉస్తేద్ తేడా అయితే చెప్పనే అక్కర్లేదు, నువ్వు, మీరు.

లిజనింగ్ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది టెన్షన్ పడతారు. ప్రతి ముక్కా రెండుసార్లు వినిపిస్తారు. 37 ప్రశ్నలు, చివరి మూడింటికీ రెండేసి జవాబులు గుర్తించాలి. చాలాసార్లు జవాబు మొదట వినిపించే మాటలో ఉండదు. ఒకబ్బాయి సినిమాకి వెళ్దామనుకున్నాను అంటాడు, మీరు సినిమా బొమ్మ మీద టిక్కు పెట్టేస్తారు, అప్పుడు "పేరో" అంటాడు, కానీ అని, అమ్మమ్మకి ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండిపోయాను అంటాడు. పేరో వినగానే పెన్ను ఆపండి. అల్ ఫినాల్ (చివరికి), యా నో (ఇక లేదు), ఆంతెస్ (ఇదివరకు), ఇవన్నీ మలుపు దగ్గర బోర్డుల్లాంటివి. నాలుగు ట్రాన్‌స్క్రిప్టులు తీసుకుని ఈ మాటలన్నిటికీ ఎర్ర గీత కొడితే పేపరు పెట్టేవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో మీకే కనిపిస్తుంది.

అంకెల్లో సెసేంతా 60, సెతేంతా 70, తేడా ఒక్క అక్షరం. మన ఊరు బస్టాండులో ఏ బస్సు చూసినా దాని నంబరు స్పానిష్‌లో చదవమంటాను పిల్లల్ని. మొదట్లో సిగ్గు పడతారు. అలిపిరి మెట్లు 3,550 అంటారు కదా, అది త్రెస్ మిల్ కినియేంతోస్ సింకుఎంతా. అందులో 500 అనే మాట గమనించండి, ఐదుకి వంద తగిలించి సింకో సియేంతోస్ అని పిల్లలు అల్లేస్తారు, అలా ఉండదు, కినియేంతోస్ అనే తీరాలి.

వినే పద్ధతి ఇదీ. ముందు పరీక్షలో లాగే రెండుసార్లు విని జవాబులు పెట్టండి. దిద్దండి. తప్పిన చోట ట్రాన్‌స్క్రిప్టు వెంటనే చూడకండి, ఆ పది సెకన్లే మళ్ళీ మళ్ళీ వినండి, ఐదుసార్లు విన్నా తెలియకపోతే అప్పుడు చూడండి. చూశాక కళ్ళు మూసుకుని మళ్ళీ వినండి, ఈసారి వినిపిస్తుంది. ఆ తర్వాత ఆ ముక్క గొంతు కలిపి చదవండి. ఇంకో సంగతి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాత్రమే సాధన చేస్తే పరీక్ష రోజు దెబ్బ తింటారు, చాలాచోట్ల హాల్లో స్పీకర్ మీద వినిపిస్తారు. ఫోను బల్ల మీద దూరంగా పెట్టి, ఫ్యాను తిరుగుతుండగా వినండి. జూన్ సెషన్ పరీక్షలు మే నెలలో కూడా జరుగుతాయి, మన ఊళ్ళో గంగమ్మ జాతర కూడా మే నెలలోనే. వీధిలో డప్పులు మోగుతుంటే చదువు సాగట్లేదని ఒకబ్బాయి విసుక్కుంటే, ఆ చప్పుళ్ళోనే లిజనింగ్ చేయించాను. తర్వాత హాల్లో దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు తనకి వినిపించనే లేదన్నాడు.

రీడింగ్‌లో పెద్దగా చెప్పడానికి లేదు. రెండు ప్రశ్నలకి మాత్రం స్పానిష్‌లో జవాబు రాయాలి, మార్కులు పోయేది అక్కడే. అనా ఎందుకు ఆలస్యంగా వచ్చింది అంటే "బస్సు తప్పిపోయింది" అన్నంత మాత్రమే రాయాలి, పిల్లలేమో ఎక్కడో చోట జవాబు ఉండకపోతుందా అని మూడు లైన్లు ఎత్తి రాస్తారు. ఎత్తి రాసినదాంట్లో అనవసరమైనది కలిస్తే మార్కు ఇవ్వకపోవచ్చు. ఇంకా, కథలో "మా అన్న" అని ఉంటే జవాబులో "తన అన్న" అవ్వాలి, మి ఎర్మానో కాస్తా సు ఎర్మానో. ఇంగ్లీషులా కనిపించి మోసం చేసే మాటలకి ఒక పేజీ పెట్టుకోండి: లిబ్రెరీఆ అంటే లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. ఎక్సితో అంటే విజయం. ఎంబరాసాదా అంటే సిగ్గుపడిందని కాదు, గర్భవతి. ఈ చివరిది ఒకసారి తప్పు రాసినవాళ్ళు జన్మలో మరవరు.

రైటింగ్‌లో మొదటిది ఫారం నింపడం, 5 మార్కులు. రెండోది 80 నుంచి 90 మాటలు, 12 మార్కులు. మూడోది 130 నుంచి 140 మాటలు, దానికే 28. గంటలో సగానికి పైన ఆ మూడోదానికి ఉంచాలి, నేనైతే 5, 20, 35 నిమిషాలుగా పంచుకోమంటాను. ఆ 35లో చివరి ఆరేడు నిమిషాలు రాయడానికి కాదు, చూసుకోవడానికి.

ఇక్కడ పాత పేపర్లని వాడే తీరు వేరు. జవాబులు రాసుకుంటూ పోకండి. ఐదారు రైటింగ్ పేపర్లు పక్కపక్కన పరిచి బుల్లెట్ పాయింట్లు మాత్రం చదవండి. ఎక్కడో ఒకచోట జరిగినదాని గురించి అడుగుతారు, ఎక్కడో ఒకచోట జరగబోయేదాని గురించి, ఒకచోట మీ అభిప్రాయం, ఎందుకు అని. అంశం పండగ కావచ్చు, స్కూలు కావచ్చు, సెలవు పని కావచ్చు, లోపలి ఎముకలు అవే. ప్రతి పాయింటుకీ జవాబు ఉండాలి, ఒకటి వదిలేసి మిగతావి ఎంత అందంగా రాసినా ఆ మార్కులు రావు. ఎందుకు అని అడిగితే పోర్కె (ఎందుకంటే) ఉండి తీరాలి.

తర్వాత మీ సొంత సరుకు తయారు చేసుకోండి. పిల్లలు ఎప్పుడూ చూడని మాడ్రిడ్ గురించి, ఎప్పుడూ వెళ్ళని బీచ్ గురించి రాసి ఇరుక్కుంటారు. మీ ఊరి గురించి రాయండి. పండగ అంటే గంగమ్మ జాతర చాలు: జనం వేషాలు కడతారు, మేము రాత్రంతా మేలుకున్నాం, మా నాన్న చిన్నప్పుడు తనూ వేషం కట్టేవాడు, వచ్చే ఏడాది మా కజిన్లని పిలుస్తాను. చూడండి, నాలుగు కాలాలూ వచ్చేశాయి. నడక అంటే అలిపిరి మెట్లు, తిండి అంటే రాగిసంగటి. రాగిసంగటికి స్పానిష్ మాట వెతక్కండి, అదేంటో ఒక వాక్యంలో చెప్పండి. ఎదుటివాళ్ళ పండగల గురించి కూడా కాస్త తెలిసుంటే చదివేటప్పుడు పనికొస్తుంది. వాలెన్సియా దగ్గర బునియోల్‌లో ఆగస్టు చివరి బుధవారం టమాటాలతో కొట్టుకునే తొమాతీనా ఉంది, మదనపల్లె మార్కెట్లో రేటు చూసినవాడెవడైనా ఆ వీడియో చూస్తే గుండె పట్టుకుంటాడు.

ఒకే రకం వాక్యాలు రాస్తే సరిగ్గా రాసినా పెద్ద మార్కులు రావు, ఎందుకంటే మూడో ప్రశ్నలో వైవిధ్యానికి విడిగా మార్కులున్నాయి. సిన్ ఎంబార్గో (అయినా), ఔంకె (అయినప్పటికీ), మే గుస్తరీఆ (నాకు ఫలానాది చేయాలనుంది), ఇలాంటివి ఆరో ఏడో చాలు, కానీ ప్రతి పేపర్లోనూ వాడి వాడి చెయ్యి అలవాటు పడాలి. పూర్తి వ్యాసం బట్టీ పట్టి దింపడం మాత్రం వద్దు. అడిగిన పాయింట్లకీ దానికీ పొంతన కుదరదు, దిద్దేవాళ్ళకి ఆ అతుకు తెలిసిపోతుంది.

స్పీకింగ్‌కి పాత రోల్‌ప్లే కార్డులు తీసుకోండి, అంటే ఫలానా చోట ఫలానా వాళ్ళతో మాట్లాడుతున్నావనుకో అని ఇచ్చే కార్డులు. పరీక్షలో కార్డు ఇచ్చి పది నిమిషాలు చూసుకోనిస్తారు, తర్వాత రోల్‌ప్లే, రెండు అంశాల మీద ఒక్కోదానికి నాలుగు నిమిషాల మాటలు. ఎదుట మాట్లాడేవాళ్ళు కావాలి. ఇంట్లో స్పానిష్ ఎవరికి వస్తుంది సార్ అంటారు. రానక్కర్లేదు. ఒకామె, చిత్తూరులో టైలరింగ్ షాపు నడుపుతుంది, టీచరు అడిగే ప్రశ్నలన్నీ కూతురు తెలుగు లిపిలో రాసిస్తే మిషన్ తొక్కుతూనే ఒక్కోటీ చదివేది. కూతురు జవాబు చెప్పేది, ఫోనులో రికార్డు అయ్యేది. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా కూతురు తడబడితే మాత్రం తెలిసేది, "ఏం మా, ఆడ ఆగినావే" అనేది. ఆ ఆగిన చోట్లే మేము మర్నాడు పట్టుకునేవాళ్ళం. మన అచ్చులు స్పానిష్‌కి బాగా సరిపోతాయి, అందుకే తెలుగు లిపిలో రాస్తే పలకడం చాలావరకు సరిగ్గానే వస్తుంది. రాత పరీక్షకి మాత్రం ఈ అలవాటు రానివ్వకండి.

ప్రశ్న అర్థం కాకపోతే నోరు మూసుకుని కూర్చోవద్దు. పుఎదె రెపెతీర్, పోర్ ఫవోర్, అంటే మళ్ళీ చెబుతారా అని. ఒక్క మాటతో జవాబు ముగించొద్దు, సీ (అవును) అని ఆగిపోకండి, సీ, పోర్కె అని ఇంకో వాక్యం లాగండి.

చివరి రెండు వారాలకి ఎవరూ ముట్టుకోని పేపర్లు రెండు దాచి ఉంచండి. పరీక్ష ఏ టైముకో ఆ టైముకే, ఫోను వేరే గదిలో పెట్టి, డిక్షనరీ లేకుండా (పరీక్షలో ఇవ్వరు) చేయండి. ఆఖరి వారం కొత్త పేపరు వద్దు, తప్పుల నోట్‌బుక్ చదవండి, ఇదివరకు విన్న ఆడియోలే పడుకునే ముందు వినండి.

పరీక్ష హాల్లో ఆఖరి రెండు నిమిషాలు ఉన్నప్పుడు మిగతాదంతా వదిలేసి ఒక్కటి చూసుకోండి. అన్యోస్, అంటే ఏళ్ళు, ఆ మాటలో ఎన్ మీద అల లాంటి చిన్న గీత ఉండాలి. నాకు పదిహేనేళ్ళు అని రాసి ఆ గీత మరిచిపోతే వయసు కాస్తా ఒంట్లో నలుగురిలో చెప్పకూడని చోటు అయిపోతుంది, అదీ పదిహేను. ప్రతి బ్యాచిలోనూ ఒకరు రాస్తారు.